ఓపీ చీటీ మీద మీ పని రాయించండి

ఇరవై రోజులు దాటినా నా జ్వరం ఏమిటో తేలలేదు. పొద్దున బాగానే ఉండేది. పొద్దు వాలేసరికి వణుకు, అర్ధరాత్రికి బనీను పిండితే నీళ్లు కారేంత చెమట. నడుము, తుంటి కీళ్లు పట్టేసి మంచం దిగడానికి ఇంకొకరి చెయ్యి కావాల్సి వచ్చేది. ఊళ్లో టైఫాయిడ్ అన్నారు, వారం రోజులు సూదులు వేశారు. పట్నంలో టీబీ అనుమానంతో ఎక్స్‌రే తీయించారు. మూడో చోట, అప్పుడే చదువు ముగించుకొని వచ్చిన డాక్టరమ్మ ఒకరు నాడి చూస్తూ, "మీరేం పని చేస్తారండీ?" అని అడిగారు. పశువుల ఆసుపత్రిలో సహాయకుడినని చెప్పాను. "ఈ మధ్య ఈసుకుపోయిన గేదెను గానీ, మాయ పడని గేదెను గానీ చూశారా?" అన్నారు. చూశాను. నెల కిందట ఒక గేదె ఏడో నెలలో ఈసుకుపోతే మాయ నా చేత్తోనే తీశాను. ఆ రోజు తొడుగులు అయిపోయాయి. ఆవిడ బ్రూసెల్లా పరీక్షకు రక్తం పంపారు. అదే అని తేలింది.

ఆ మూడు వారాల్లో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. బ్రూసెల్లా పశువుల్లో తెచ్చే ఈసుడు రోగం గురించి రైతులకు రోజూ చెప్పేవాణ్ణి, నా ఒంట్లో జ్వరానికీ ఆ గేదెకూ ముడి ఉంటుందని నాకే తట్టలేదు. అందుకే ఈ నాలుగు మాటలు. పాలు పితికేవాళ్లు, జీవాలు కాసేవాళ్లు, మటన్ కొట్టులో, కోళ్ల ఫారంలో పనిచేసేవాళ్లు, నాట్లకు, కోతలకు వెళ్లే కూలీలు, మురుగు కాలవలు తీసేవాళ్లు... మీ అందరికీ పనికొచ్చేవి.

మనుషుల డాక్టరు మీ కొట్టం చూడలేదు. పశువుల డాక్టరుకు మీ జ్వరం సంగతి తెలియదు. మీరు దిగిన కాలవ నీళ్లలో ఏముందో ఆ ఇద్దరికీ తెలియదు. ఈ మూడూ తెలిసిన మనిషి మీరొక్కరే. మనిషి, పశువు, నేలా నీళ్లూ, వీటి ఆరోగ్యాన్ని ఒకటిగా చూడాలని పెద్ద సంస్థలన్నీ ఇప్పుడు చెబుతున్నాయి; 'వన్ హెల్త్' అని దానికో పేరు పెట్టారు. ఊళ్లో ఆ మాట నిజం కావాలంటే అది మీ నోటి నుంచే మొదలవ్వాలి.

రోగిని పని అడగాలన్న ఆలోచన పాతదే. 1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని వృత్తుల వల్ల వచ్చే రోగాల మీద ఒక పుస్తకం రాశాడు. పూర్వం నుంచి వైద్యులు అడుగుతున్న ప్రశ్నలకు తోడు 'నువ్వేం పని చేస్తావు' అని కూడా అడగమని అందులో చెప్పాడు. మూడు వందల ఏళ్లు దాటినా రద్దీగా ఉండే ఓపీలో ఆ ప్రశ్నకు తీరిక దొరకదు. ఒక్కో రోగికి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. డాక్టర్లను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. వాళ్లు అడిగేదాకా ఆగకండి, అంతే.

పని అడగకపోతే ఎంత నష్టమో మలేషియాలో తెలిసింది. 1998లో అక్కడి ఈపో ప్రాంతంలో పందుల పెంపకందార్లకు జ్వరం, మెదడువాపు మొదలయ్యాయి. దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు అనుకొని దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. జబ్బు ఆగలేదు. జపనీస్ మెదడువాపు ఎక్కువగా పిల్లల్ని పట్టుకుంటుంది. ఇక్కడ పడిపోతున్నదేమో పందుల కొట్టాల్లో పనిచేసే పెద్దవాళ్లు. అవే దోమల మధ్య బతుకుతూ పందులతో పని లేనివాళ్లు బాగానే ఉన్నారు. 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయంలో చువా కా బింగ్ కొత్త వైరస్‌ను పట్టుకున్నాడు. సుంగై నిపా అనే ఊరి పేరు మీద దానికి నిపా అని పేరొచ్చింది. అప్పటికే వ్యాధి ఊళ్లు దాటింది. మొత్తం 265 మందికి సోకితే 105 మంది చనిపోయారు. 10 లక్షలకు పైగా పందుల్ని చంపాల్సి వచ్చింది. పందుల కొట్టాల పక్కనే పండ్లతోటలు వేశారు. తోటల్లోకి గబ్బిలాలు వచ్చాయి, అవి కొరికి వదిలిన పండ్లు పందుల ముందు పడ్డాయి. చెట్టు, గబ్బిలం, పంది, కూలివాడు, ఇదీ దారి. 'అందరూ పందుల పనివాళ్లే' అన్న మాటకు మొదటి నెలలోనే బరువిచ్చి ఉంటే కొన్ని ప్రాణాలైనా దక్కేవని నేను నమ్ముతాను.

ఇక మన పనుల్లోకి వద్దాం. నేను ఎక్కువ చూసింది పాడి, కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

సూడి గేదె గానీ ఆవు గానీ నెలలు నిండకుండా ఈసుకుపోతే, ముఖ్యంగా ఐదో నెల దాటాక, అది ఈసుడు రోగమేనన్నట్టు జాగ్రత్త పడండి. ఆ మాయలో, పడిన పిండంలో, కారే ద్రవాల్లో క్రిమి కోట్ల కొద్దీ ఉంటుంది. చేతి మీద చిన్న గీరుడు చాలు, లోపలికి పోతుంది. కళ్లలో తుంపర పడినా చాలు. భుజం దాకా వచ్చే తొడుగు లేకుండా మాయలో చెయ్యి పెట్టకండి. తొడుగు లేకపోతే ఆ పని ఆ పూట ఆపి పశువైద్యశాలకు కబురు పెట్టండి. యజమాని తొందరపెడతాడు, 'ఎన్నిసార్లు తీయలేదు, ఇవాళేంటి' అంటాడు. నన్నూ అలాగే అన్నారు. పిండాన్ని, మాయను కుక్కలకు వేయకుండా, కాలవలో పారేయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. గర్భిణులను ఆ దరిదాపులకు రానివ్వకండి. పచ్చిపాలు తాగకండి, పొదుగు దగ్గర నురుగు పాలు పిల్లలకు పట్టకండి. మరిగించిన పాలలో ఈ క్రిమి బతకదు.

పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒక్కసారి ఈ రోగానికి టీకా వేస్తారు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకం కింద ఇది ఉచితం. టీకా వేసే గోపాలమిత్రలకు, సహాయకులకు ఒక మాట: అందులో ఉన్నది బతికున్న క్రిమి. సూది మీ వేలికి గుచ్చుకున్నా, మందు కంట్లో పడినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి ఏ టీకానో పేరుతో సహా చెప్పండి. ఒకవేళ జబ్బు వస్తే మందులు కనీసం ఆరు వారాలు వాడాలి. రెండో వారానికే జ్వరం దిగిపోతుంది, అక్కడితో మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది. రక్తం తీసుకునే ల్యాబ్ వాళ్లకు కూడా మీ పని చెప్పండి. ఈ క్రిమి ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు కూడా అంటుకుంటుంది, మీ మాట వాళ్లను కాపాడుతుంది.

గొర్రెలు, మేకలు కాసేవాళ్లు, మాంసం పని చేసేవాళ్లు భయపడాల్సింది దొమ్మకు. దాన్నే ఆంత్రాక్స్ అంటారు. సాయంత్రం మేసిన జీవం తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. ముక్కు నుంచి, వెనక నుంచి నల్లటి రక్తం కారుతుంది, అది గడ్డకట్టదు. శవం తొందరగా ఉబ్బుతుంది. అలాంటి జీవాన్ని కోయకండి, తోలు తీయకండి. శవం కోయకుండా ఉంటే లోపలి క్రిములు కుళ్లులో చాలావరకు చచ్చిపోతాయి. కత్తి పెట్టి గాలి తగలనిస్తే అవి గట్టి పెంకు కట్టుకుని గింజల్లా మారి, ఆ మట్టిలో దశాబ్దాల పాటు నిలిచి ఉంటాయి. మీ తాత కోసిన చోట మీ మంద మేస్తుంది. లోతుగా గొయ్యి తీయించి, సున్నం వేసి, కుక్కలు తవ్వకుండా పూడ్చాలి. 1962కు ఫోన్ చేయండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పశువుల అంబులెన్సు నంబరు అదే.

ఏజెన్సీ ఊళ్లలో చచ్చిన పశువును పంచుకుని తినడం నేను చూశాను. ఒక ఎద్దు పోతే ఆ ఇంటి సేద్యం పోయినట్టే. మాంసమైనా దక్కితే అనుకుంటారు. ఆ బాధ నాకు తెలుసు, కాబట్టి ఊరికే వద్దని చెప్పి వెళ్లిపోలేను. ఏమైనా నష్టపరిహారం వచ్చే వీలుందా అని పశువైద్యాధికారిని అడగండి. చావుకు కారణం ఆయన రాసిస్తేనే బీమా అయినా, సాయం అయినా కదులుతుంది. కోసి తిన్నాక ఆ కాగితం పుట్టదు. ఇప్పటికే కోసి ఉంటే, వారం పది రోజుల్లో చేతి మీదో ముంజేతి మీదో దురద పెట్టే పొక్కు లేచి, మధ్యలో నల్లగా మారి, చుట్టూ వాచి, నొప్పి మాత్రం లేకపోతే ఆలస్యం చేయకండి. వదిలేస్తే నూటికి ఇరవై మంది దాకా చనిపోయే జబ్బు అది, సకాలంలో మందు పడితే దాదాపు అందరూ బతుకుతారు. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే ఇందులో ప్రమాదం.

పొలం పనివాళ్లకు రెండు జ్వరాలు చెప్పాలి. మొదటిది ఎలుక జ్వరం, లెప్టోస్పైరోసిస్. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీళ్లలో పగిలిన కాళ్లతో నిలబడితే వస్తుంది. జ్వరంతో పాటు పిక్కలు తాకితే ఓర్చుకోలేని నొప్పి, కళ్లు ఎర్రబడడం, తర్వాత పచ్చకామెర్లు, మూత్రం తగ్గడం. నాట్లేసే అక్కలను బూట్లు వేసుకోమని చెప్పడం పనికిరాదు, బురదలో అవి దిగబడిపోతాయి. చేయగలిగింది చెబుతాను. కాళ్ల పగుళ్లకు, తెగిన చోట్లకు తడి చొరబడని పట్టీ వేసుకుని దిగండి. గట్టెక్కగానే బోరు నీళ్లతో, సబ్బుతో కడుక్కోండి, ఆ తర్వాతే అన్నం క్యారేజీ విప్పండి. మురుగు కాలవలు తీసేవాళ్ల సంగతి వేరు. మీకు మోకాలి బూట్లు, తొడుగులు ఇవ్వడం పని చేయించుకునేవాళ్ల బాధ్యత. వరదలప్పుడు, కాలవ పనులప్పుడు కేరళలో ఆరోగ్య శాఖ ముప్పు ఉన్నవాళ్లకు వారానికోసారి డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తుంది. అలాంటి పనికి దిగే ముందు మీ పీహెచ్‌సీ డాక్టరును అడగండి, సొంతంగా కొని మింగకండి.

రెండోది స్క్రబ్ టైఫస్. వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో మన దగ్గర ఎక్కువ. పొదల్లో, పొడవాటి గడ్డిలో, ఎలుకలున్న చోట ఉండే కంటికి ఆనని పురుగు కుడుతుంది. కుట్టిన సంగతే తెలియదు. కొన్ని రోజులకు అక్కడ చుట్టతో కాల్చినట్టు నల్లటి మచ్చ వస్తుంది. నొప్పీ దురదా ఉండవు. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర, రొమ్ముల కింద దాక్కుంటుంది. కొందరికి అసలు రాదు. ఆడవాళ్లు మగ డాక్టరుకు చూపించడానికి సిగ్గుపడి చెప్పరు. నర్సమ్మకైనా చూపించండి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ఊళ్లో జ్వరానికి మామూలుగా వేసే యాంటీబయాటిక్ సూదులు చాలావరకు దీని మీద పనిచేయవు. డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ పడితే ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగొస్తుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. 'గడ్డి కోశాను', 'చెరకు నరికాను', 'పొదలు కొట్టాను' అన్న ఒక్క మాట డాక్టరు రాసే మందునే మార్చేస్తుంది.

కోళ్ల దగ్గర పనిచేసేవాళ్లకు తక్కువే చెబుతాను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ మార్చిలోనే పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప ఆ వైరస్‌తో కన్నుమూసింది. ఆ పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని వార్తలొచ్చాయి. బాగా ఉడికిన మాంసంతో భయం లేదు. కోసే దగ్గరికి మాత్రం పిల్లల్ని రానివ్వకండి, షాపు బట్టలతో ఇంట్లో పసిపిల్లల్ని ఎత్తుకోకండి. షెడ్డులో కోళ్లు ఒక్కసారిగా గుట్టలుగా చస్తే చేతులతో ఏరి కాలవలో వేయమని ఎవరు చెప్పినా వినకండి. ఆ తర్వాత పది రోజుల్లో జ్వరం, దగ్గు, కళ్ల ఎర్రదనం వస్తే ఆ కోళ్ల సంగతి ముందు చెప్పండి.

కుక్క కరిస్తే సబ్బు, ధారగా నీళ్లు, 15 నిమిషాలు గడియారం చూసి కడగాలి. కారం, సున్నం, ఆకు పసరు వద్దు. టీకా 0, 3, 7, 28 రోజుల్లో ప్రభుత్వ ఆసుపత్రిలో వేస్తారు. రక్తం వస్తే గాయం చుట్టూ వేసే ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా అడిగి వేయించుకోండి. ఇవి మీరు వినే ఉంటారు. వినని మాట ఇంకొకటి. గేదె చొంగ కారుస్తూ మేత మింగలేకపోతుంటే గొంతులో టెంకాయో దుంపో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టేస్తారు. పిచ్చికుక్క కరిచిన గేదె కూడా సరిగ్గా అలాగే కనిపిస్తుంది. రెండు మూడు నెలల కిందట కుక్క కరిచిందేమో ముందు అడగండి. తెలియకపోతే చెయ్యి పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే కుక్క కరిచినట్టే భావించి ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. కుక్కల్ని పట్టే మున్సిపల్ సిబ్బంది, పశువైద్య సహాయకులు కరవక ముందే వేసుకునే టీకా ఉంది. పని ఇచ్చేవాళ్లను అడిగి తీసుకోండి.

కుక్కల మాట వచ్చింది కాబట్టి రాబందుల మాట కూడా చెప్పాలి. నా చిన్నప్పుడు ఊరి బయట పశువు చచ్చి పడితే సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. 1990ల మొదటి నుంచి పదిహేనేళ్లలో మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. కారణం డైక్లోఫెనాక్, మనం పశువుల నొప్పికి పొడిచిన మందు. ఆ పశువు చస్తే, దాన్ని తిన్న రాబందు కిడ్నీలు పాడై చనిపోయేది. రాబందులు పోయాక ఆ శవాలు ఊరకుక్కల పాలయ్యాయి, కుక్కల మందలు పెరిగాయి. 2006లో పశువులకు ఆ మందు తయారీ ఆపారు. మనుషులకు వాడే పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో ఆ సీసా 3 మిల్లీలీటర్లకు మించకూడదన్నారు. సూది వేసే తమ్ముళ్లూ, మెలోక్సికామ్ ఉంది, టోల్ఫెనమిక్ యాసిడ్ ఉంది, రాబందులకు వాటితో హాని లేదు. రైతు 'పాత మందే వెయ్యి, గట్టిగా పనిచేస్తుంది' అన్నా వేయకండి.

పాడి వాళ్లకు ఇంకో చిన్న మాట. పొదుగువాపుకు యాంటీబయాటిక్ వేశాక ఎన్ని రోజులు పాలు అమ్మకూడదో మందు పెట్టె మీదే రాసి ఉంటుంది. ఆ రోజులు ఆగండి. మిగిలిన సీసాలు కాలవలో వేయకండి. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసి వదిలే నీళ్లలోనే సిప్రోఫ్లాక్సాసిన్ ఎంతో ఎక్కువ మోతాదులో ఉందని 2007లో ఒక పరిశోధన చూపించింది. అలాంటి నీళ్లలో బతకడం నేర్చుకున్న క్రిమి రేపు మీ గాయంలోకి వస్తే, మీకు రాసిన మాత్ర దాని మీద పనిచేయదు.

ఇప్పుడు చీటీ సంగతి. జ్వరంతో ఓపీకి వెళ్లినప్పుడు పేరు, వయసు చెప్పగానే పనిని కూడా చెప్పండి. 'కూలి' అని చెప్పి ఊరుకోకండి. 'గేదెల దగ్గర పనిచేస్తాను, మూడు వారాల కిందట ఒకటి ఈసుకుపోయింది' అనండి. 'నాట్లలో ఉన్నాను, కాలికి గాయం ఉంది' అనండి. ఏ పని, ఏ జీవి, ఎన్ని రోజుల కిందట, ఈ మూడూ ఉండాలి. ఇంట్లో, పనిలో ఇంకెవరికైనా జ్వరం ఉంటే అదీ చెప్పండి. ఆ మాటను చీటీ మీద రాయమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. వేరే ఆసుపత్రికి పంపినా ఆ కాగితం మీతో వస్తుంది.

ఆ కాగితానికి ఇంకో విలువ ఉంది. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూలులో వృత్తి వ్యాధుల పట్టిక ఉండేది. పశువైద్యపు పనిలో గానీ, పశువులను, వాటి కళేబరాలను ముట్టుకునే పనిలో గానీ అంటుకున్న వ్యాధులు అందులో మొదటి పద్దులోనే ఉండేవి. ఈఎస్‌ఐ చట్టం కిందా ఇలాంటి పట్టికే ఉండేది; ఆ రెండింటి స్థానంలో 2025లో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ పట్టిక ఉంది. డెయిరీలో, కబేళాలో, హేచరీలో జీతానికి పనిచేసేవాళ్లు పరిహారం అడగవచ్చు. అప్పుడు మొదట వచ్చే ప్రశ్న, జబ్బు పని వల్లే వచ్చిందని రుజువేదీ అని. మొదటి రోజు చీటీ మీద 'గేదెల కాన్పు చేశాడు' అని ఉంటే అది రుజువు. ఆర్నెల్ల తర్వాత రాయించింది అంతగా నిలవదు. సొంత పశువులు ఉన్నవాళ్లకు, రోజుకో చోట కూలికి వెళ్లేవాళ్లకు ఈ చట్టం అందడం కష్టం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఈ జబ్బులు ఎక్కువగా వచ్చేది వాళ్లకే.

నా రక్తం ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ ఆరు వారాల మందులు రాసి, పైన ఎర్ర సిరాతో నా పనీ, ఆ గేదె సంగతీ రాశారు. తర్వాత, "ఆ గేదె ఎవరిదో వాళ్లకు కబురు చేయండి. పాలు ఎవరు పితుకుతారు?" అన్నారు. అది నాకు తట్టలేదు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. ఆ ఇంటి కోడలు పితుకుతుందట. రెండు నెలలుగా ఆ అమ్మాయికి సాయంత్రం పూట జ్వరం, మోకాళ్ల నొప్పులు. చంటిబిడ్డ తల్లి, నిద్ర చాలక అలా ఉందనుకున్నారు. మర్నాడు ఆమె బస్సెక్కి వచ్చింది. ఆమె చీటీ మీద 'గృహిణి' అని రాశారు. నేను పక్కనే నిలబడి, ఆ మాట కొట్టించి, రోజూ రెండు పూటలా గేదె పాలు పితుకుతుందని రాయించాను.